తిరస్కరణ దగ్గర ఆగిపోయే కథ

మన కార్మిక కథల్లో చాలా వాటికి ఒకే ముగింపు. యంత్రంలో చెయ్యి నలిగిపోతుంది, లేదా కడుతున్న మేడ మీంచి పడి మనిషి పోతాడు. యాజమాన్యం తనకు సంబంధం లేదంటుంది. భార్య గేటు బయట నిలబడి ఏడుస్తుంది. రచయిత ఆవేదన నిజమైనదే. అయితే యజమాని చెప్పిన జవాబునే తీర్పుగా తీసుకుని అక్కడే కలం ఆపడం వల్ల వాస్తవంలో సగమే కథలోకి వస్తోంది. కార్మికుడి పోరాటం ఆ జవాబు తర్వాతే మొదలవుతుంది.

ఈ పోరాటానికి 1923 నాటి నష్టపరిహార చట్టం ఒక వేదిక కల్పించింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది. మౌలిక సూత్రాలు చాలావరకు అవే. యజమాని కాదంటే, ప్రమాదం జరిగిన రెండేళ్ల లోపు, చట్టం నియమించిన అధికారి ముందు దరఖాస్తు పెట్టాలి. ఇ.ఎస్.ఐ. కింద ఉన్నవారి దారి వేరు. వారి వివాదాలు ఉద్యోగుల బీమా న్యాయస్థానానికి వెళ్తాయి. అధికారి కూడా కాదంటే, ముఖ్యమైన న్యాయప్రశ్న ఉన్నప్పుడు 60 రోజుల లోపు హైకోర్టులో అప్పీలు చేసుకోవచ్చు.

తిరస్కరణ సాధారణంగా మూడు మాటల్లో వస్తుంది. ‘వాడు మా మనిషి కాదు’ అనేది మొదటిది. కాని తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించినంత మాత్రాన అసలు యజమాని బాధ్యత తప్పదు. ‘పని మీద జరగలేదు’ అనేది రెండోది. హాజరు పట్టీ, ఆసుపత్రిలో మొదటిరోజు రాసిన కాగితం, పోలీసు రికార్డు, తోటి కూలీల సాక్ష్యం దీనికి జవాబు చెప్పాలి. ‘వాడి నిర్లక్ష్యమే’ అనేది మూడోది. మామూలు ఏమరపాటు హక్కును రద్దు చెయ్యదు. తాగి ఉండటం, కావాలని రక్షణ నిబంధనను ఉల్లంఘించడం వంటి మినహాయింపులు కూడా మరణానికీ, శాశ్వత సంపూర్ణ వైకల్యానికీ వర్తించవు. హక్కు వదులుకున్నట్టు వేలిముద్ర వేయించుకున్న కాగితం చెల్లదు.

1968లో ఒక సినిమా హాలులో అలంకరణ పని చేస్తూ పడిపోయిన వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తీసేశారు. ఇది పాక్షిక వైకల్యమేనని యజమాని వాదించాడు. ఒంటిచేత్తో వడ్రంగం సాగదని, సంపాదనాశక్తి నూరు శాతం పోయినట్టేనని కమిషనర్ నిర్ణయించాడు. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. పరిహారం ప్రమాదం జరిగిన నాడే బాకీ పడుతుందని కూడా చెప్పింది. నెల లోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే పరిహారంలో సగం దాకా జరిమానా పడవచ్చు.

ఈ తీర్పులో రచయితలు గమనించాల్సిన విషయం ఒకటుంది. పట్టికకు కనిపించింది ఒక చెయ్యి. కమిషనర్ చూసింది ఆ చెయ్యి చేసే పని. ఉలి ఎలా పట్టుకోవాలో, చెక్కను ఏ చేత్తో అదమాలో తెలిస్తేనే ఆ నష్టం ఎంతో చెప్పగలం. శ్రమను ఇంత వివరంగా మన కథల్లో ఎందరం రాస్తున్నాం?

చట్టం దోపిడీని రద్దు చెయ్యదు. వాయిదాలు పేదవాణ్ణి అలసిపోయేలా చేస్తాయి. సంఘం అండ లేని కార్మికుడు మధ్యలోనే రాజీ పడిపోతాడు. ఇదంతా కూడా కథావస్తువే. గేటు బయట ఏడుస్తున్న ఆ స్త్రీ మర్నాడు ఉదయం ఎవరిని కలిసిందో, ఏ కాగితం కోసం ఎన్ని మెట్లెక్కిందో, ఎవరు సాక్ష్యం చెప్పడానికి భయపడ్డారో తెలుసుకుని రాయడం అభ్యుదయ రచయిత బాధ్యత.