పాత స్వెట్టరులోని ఊలు

ఉర్దూలోని ‘ఊన్’, తెలుగులోని ‘ఉన్ని’ ఒక తల్లి బిడ్డలే. రెండింటికీ మూలం సంస్కృతంలోని ‘ఊర్ణ’ శబ్దం. ఉభయ భాషల వారూ చదివే ఈ సంచికలో ఆ బంధుత్వాన్ని స్మరించడం ఉచితమే గాని, మేమిక్కడ చెప్పదలచినది పదాన్ని గురించి కాదు, పదార్థాన్ని గురించి.

పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవారి కేక చిక్కడపల్లి, నారాయణగూడ వాసులకు కొత్త కాదు. పోటీ పరీక్షలకు చదివేందుకు జిల్లాల నుండి అశోక్ నగర్ చేరిన యువకులు గది ఖాళీ చేసేటప్పుడు వదలివెళ్ళే వాటిలో స్వెట్టరు కూడా ఉంటుంది. మన నగరంలో చలి రెండు నెలల ముచ్చట. అందుచేత స్వెట్టరు అరిగిపోక ముందే పొట్టిదవుతుంది, లేదా మోజు తీరుతుంది. అవే వీధులలో తెల్లవారుజామున పత్రికలు వేస్తూ చలికి ముడుచుకొనే కుర్రవాళ్ళూ కనిపిస్తారు.

పాత ఉన్నిని తిరిగి నూలుగా మార్చే పరిశ్రమకు హర్యానాలోని పానిపట్టు ప్రసిద్ధి. అక్కడ దుస్తులను రంగుల వారీగా వేరుచేసి, గుండీలు తొలగించి, యంత్రాలతో చీల్చి, ఆ పీచును మరల వడికి దుప్పట్లు నేస్తారు. ఈ నూలును ‘షాడీ’ అంటారు. 1813లో ఇంగ్లండులోని బాట్లీలో బెంజమిన్ లా దీనికి ఆద్యుడని ప్రతీతి. చీల్చినప్పుడు పీచు తెగి పొట్టిదవుతుంది, నూలు బలహీనపడుతుంది. లేచే దుమ్మును పీల్చేది కార్మికులు. చేతితో విప్పితే పీచు తెగదు. కనుక విప్పదగినదాన్ని యంత్రం పాలు చేయడం మాకు సమ్మతం కాదు.

విప్పదగినదో కాదో పక్క కుట్టే చెబుతుంది. స్వెట్టరును తిరగవేసి చూడాలి. అంచు వెంబడి జడ వంటి గొలుసు కనిపిస్తే దారం ఏకధారగా వస్తుంది. అంచును కత్తిరించి ఓవర్‌లాక్ వేసి ఉంటే వరుసకొక ముక్కే దక్కుతుంది. వేడినీటిలో ఉతికి గడ్డకట్టిన ఉన్ని అసలే విడిపోదు. తరువాత ఒక పోగును కాల్చి చూడాలి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద నలిగితే ఉన్ని. కరిగి గట్టి పూసగా మారితే అక్రిలిక్.

ముందు చిన్న కత్తెరతో కుట్లు ఊడదీసి, చేతులను, మెడపట్టీని వేరుచేయాలి. చేతి అల్లిక సాధారణంగా కింది నుండి సాగుతుంది గనుక పైనుండి విప్పాలి. వచ్చిన దారాన్ని కుర్చీ వీపునకు చుట్టి, చిలపను నాలుగుచోట్ల వదులుగా కట్టాలి. అప్పుడది ఉంగరాల జుట్టు వలె ఉంటుంది. పలుచని కుంకుడు రసం కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెట్టి, రుద్దకుండా, మెలిపెట్టకుండా పిండి, నీడలో కొద్ది బరువు కట్టి వేలాడదీస్తే ఉన్ని చాలావరకు సాఫీ అవుతుంది. అక్రిలిక్ నీటిని పీల్చదు, వంకర అంత సులువుగా వదలదు. అంత శ్రమకు అది తగదని మా అభిప్రాయం.

మోచేతుల వద్ద అరిగిన దారాన్ని తీసివేయగా, పెద్దవారి స్వెట్టరులో మిగిలిన ఊలు పసివాడి స్వెట్టరుకు, టోపీకి సరిపోతుంది. తెగిన ఉన్ని కొసలను తడిపి అరచేతుల మధ్య నలిపితే ముడి లేకుండానే అతుకుతాయి. నల్లని ఊలును మాత్రం పగటి వెలుతురులోనే విప్పాలి. దీపం కింద దాని గొలుసు కనబడదు.