నర్సులకు పైచదువు లెందుకు?

మన గ్రామములలో ఒక ప్రశ్న తరచుగా వినవచ్చుచుండును. "అమ్మాయి మూడు నాలుగేండ్లు నర్సుపని నేర్చినది, ఉద్యోగమును దొరకినది. సూది వేయుటకును, పురుడు పోయుటకును మరల రెండేండ్ల చదువేల?" అని తండ్రియో మామగారో అడుగుదురు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. ఆమె చదువునకు పోవుటయు మానుటయు పెక్కు ఇండ్లలో పెద్దల మాట మీదనే యున్నవి గనుక దీనికి తిన్నగా సమాధానము చెప్పవలసియున్నది.

మొదట వెనుకటి మంత్రసానిని తలచుకొందము. ఆమె తన కోడలిని వెంటబెట్టుకొని నాలుగిండ్లు తిరిగి విద్య నేర్పెడిది. చేతినేర్పు, ఓర్పు, తల్లికి ధైర్యము చెప్పు మాట, ఇవన్నియు అట్లే తరతరములకు దిగివచ్చినవి. బొడ్డు కోసిన కొడవలియు అట్లే దిగివచ్చినది. ఇది మంచిది, ఇది చెడ్డది, కారణ మిది యని విడదీసి చెప్పు శిక్షణ ఆమెకు దొరకలేదు. ఆసుపత్రులలో నేటికిని ఈ చిక్కు కలదు. పదియేండ్లు కాన్పులు చేయించిన సిస్టరు గొప్ప పనిమంతురాలే కావచ్చును. కాని తనకు వచ్చినది మరియొకరికి వచ్చునట్లు చేయుట వేరొక విద్య. వీణ వాయించువారందరును వీణ నేర్పలేరు గదా! ముందు బొమ్మ మీద చేసి చూపవలెను; పిమ్మట విద్యార్థినిచేత చేయింపవలెను; ఆమె తడబడినచోటు కనిపెట్టి, భయపడకుండ దిద్దవలెను; తుదకు పరీక్షించి గాని తల్లి దగ్గరకు పంపరాదు. నేర్పు నామె ఒక తప్పు నేర్పినచో అది ఏటేట నలువది యాభైమంది చేతులలోనికి పోవును.

రెండవది నిర్వహణము. ఈ మాట వినగానే లెక్కల పుస్తకములు, సంతకములు మన కండ్లకు గట్టును. ఒక్క యుదాహరణము చెప్పెదను. బిడ్డ పుట్టిన వెంటనే తల్లికి రక్తస్రావము హెచ్చకుండ ఆక్సిటోసిన్ అను మందును సూదిద్వారా ఇత్తురు. దానిని 2 మొదలు 8 డిగ్రీల చలిలో నుంచవలెను. వేసవిలో కొన్నాళ్లు బల్లమీద నున్న మందు చూపునకు మారదు. సత్తువ మాత్రము తగ్గిపోవును. నడిరేయి నర్సు పరుగున వచ్చి సూది వేసినది. ఆమె చేతిలో లోపము లేదు. అయినను రక్తము నిలువదు. అప్పుడు లోప మెవరిది? చలిపెట్టెను దినమునకు రెండుసారులు చూడుమని ఎవరికైన చెప్పిరా? కరెంటు ఎన్ని గంటలు పోయినదో వ్రాసిరా? పగటి డ్యూటీవారు దిగునప్పుడు ఆ సంగతి రాత్రివారికి చెప్పిరా? మందు తీసి పారవేయుమను అధికారము ఎవరికి కలదు? ఈ యేర్పాటులన్నియు ముందే చేసియుంచుటయే నిర్వహణము. తల్లి ప్రాణము కొన్ని నిమిషములలో తేలిపోవునది. ఆ నిమిషములకు వలసిన పని అంతకు కొన్ని దినముల ముందే జరుగవలెను.

ఇది క్రొత్త తలంపు కాదు. ఫ్లారెన్సు నైటింగేలు అనగానే దీపము పట్టుకొని రోగులను చూచు స్త్రీ మనకు జ్ఞప్తికి వచ్చును. నా మట్టుకు ఆమె దీపముకన్న ఆమె లెక్కలే గొప్పవని తోచును. క్రిమియా యుద్ధములో సిపాయిలు గాయములకన్న రోగములచేతనే ఎక్కువగా చచ్చిరని ఆమె అంకెలతో నిరూపించినది. 1858లో లండనులోని గణాంక శాస్త్ర సంఘము ఆమెను సభ్యురాలిగా జేర్చుకొన్నది. ఆ గౌరవము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రియందు నర్సుల పాఠశాల వెలసినది. అచ్చట తేలినవారు పెక్కుచోట్లకు పోయి తామును నేర్పిరి.

మన దేశమునకు వత్తము. 1946లో భోర్ సంఘము తన నివేదికలో 43,000 మందికి ఒక నర్సు మాత్రమే కలదని తెలిపెను. అంత కొరతలో పైచదువుల మాట యెత్తుట కొందరికి వింతగా తోచియుండును. కాని విత్తనపు గింజలను గూడ వండుకొని తిన్నవాడు మరుసటియేడు ఏమి చల్లును? ఆ యేడే ఢిల్లీలోను, వేలూరులోను నర్సింగునకు డిగ్రీ చదువు మొదలైనది. వేలూరు మన చిత్తూరునకు కూతవేటు దూరము. అప్పటికి కోస్తా, సీమ జిల్లాలును ఆ చెన్నరాష్ట్రములోనివే. తరువాత మాస్టరు పట్టము కూడ ఢిల్లీ కళాశాలలోనే మొట్టమొదట వచ్చినది. నేడు ఆ రెండేండ్ల చదువులో మొదటి యేట బోధన పద్ధతులు, పరిశోధన, గణాంకములు. రెండవ యేట నిర్వహణము. రెండేండ్లును తాను కోరుకొన్న శాఖ. స్త్రీల ప్రసూతి, పసిపిల్లలు, మానసిక రోగములు, సమాజారోగ్యము, శస్త్రచికిత్సతో గూడిన సాధారణ వైద్యము అని శాఖలు.

ప్రసూతి విషయమున మన ప్రాంతమునకు ప్రత్యేకమైన అక్కర కలదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రదేశమునను తెలంగాణమునను నూటికి 96కు మించి కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినట్లు తేలినది. ఇది సంతోషము. కాని తెలంగాణములో నూటికి 60 కాన్పులు కడుపు కోసి చేసినవే! అన్నియు అవసరమైనవే యని నమ్ముట కష్టము. తల్లి ప్రక్కన గంటలకొలది ఓపికతో కూర్చుండి, సహజముగా కాన్పు అగునట్లు చూచి, అపాయము తోచినపుడు వెంటనే డాక్టరును పిలుచు నేర్పరులు కావలెను. అందుకే 2017లో తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదునందలి ఫెర్నాండెజ్ సంస్థతో కలసి నర్సులకు 18 మాసముల ప్రసూతి శిక్షణ ఆరంభించెను. 2018లో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికిని ఇట్టి నియమములే ప్రకటించి, ఆ విద్య నేర్పు ఉపాధ్యాయినులకు వేరుగ శిక్షణ ఏర్పరచినది.

ఇక మీ యింటి అమ్మాయి సంగతి. మూడేండ్ల డిప్లొమా మాత్రమే చదివినచో ముందుగా రెండేండ్ల డిగ్రీ చదువవలెను. మాస్టరు పట్టమునకు ఒక యేడాది పని అనుభవమును, నర్సుల కౌన్సిలులో పేరు నమోదును అడుగుదురు. ప్రభుత్వోద్యోగములో నున్నచో సెలవు, జీతము నియమములను ముందే విచారించుకొనవలెను. పసిపిల్లలున్నచో ఆ రెండేండ్లు వారిని చూచువారెవరు అను సంగతి దరఖాస్తు పెట్టకమునుపే ఇంటిలో తేల్చుకొనవలెను. సీటు వచ్చిన పిమ్మట ఈ యొక్క కారణముచేతనే వదలుకొన్నవారు కలరు.