చేతి కాగితముతో చిన్న పరిశ్రమ

పెండ్లి శుభలేఖ మూలలకు పసుపు రాచి పంపుట మన ఇండ్లలో అలవాటు. నునుపైన మిల్లు కాగితముపై ఆ పసుపు పైపైననే నిలిచి, చేయి తగిలినంతనే రాలును. చేతితో తీసిన నూలు కాగితముపై రాచినచో పోగులలోనికి ఇంకి నిలుచును. ఈ భేదమును గమనించినవారికి చేతి కాగితపు స్వభావము సగము తెలిసినట్లే.

ఈ కాగితమునకు ముఖ్యమైన ముడిసరకు నూలుగుడ్డల కత్తిరింపులు. దర్జీ దుకాణములలోను, బనియనుల కర్మాగారములలోను మిగిలిన ముక్కలను ఏరి, గుండీలను, రబ్బరు పట్టీలను, కృత్రిమపు దారము కలిసిన గుడ్డలను తొలగింతురు. మిగిలినదానిని సన్నగా తరిగి, హాలెండరు బీటరు అను తొట్టిలో నీటితోపాటు కొన్ని గంటలసేపు నలుగగొట్టగా గుజ్జగును. ఆ గుజ్జును మరింత నీటిలో పలుచగా కలిపి, జల్లెడవంటి చట్రమును ముంచి సమముగా పైకెత్తినచో, నీరు కారిపోయి పొర నిలుచును. దానిని బట్టపై బోర్లించి, దొంతిగా పేర్చి, మర బిగించి పిండి, ఆరవేయుదురు. ఆరిన కాగితమును జింకు రేకుల నడుమనుంచి రోలర్లలో నడపగా నునుపు వచ్చును. చెట్టు నరుకనక్కరలేదు. నూలు పోగులో కలపను పసుపువన్నె చేయు లిగ్నిను లేదు గనుక, వార్తాపత్రికవలె ఇది ఏడాదికే రంగు మారదు.

రాజస్థానములోని సాంగనేరునందు కాగ్జీ కుటుంబములవారు తరతరములుగా ఈ పని చేయుచున్నారు. 1934లో గాంధీజీ పూనికతో వార్ధాయందు అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘము వెలసి, జె.సి. కుమారప్పగారు దానిని నడిపినప్పుడు, ఉద్ధరింప నెంచిన పరిశ్రమలలో ఇదియు నొకటి. అమెరికా దేశపు కాగితపు చరిత్రకారుడు డార్డ్ హంటర్ 1937లో ఇచటికి వచ్చి కాగితపు పల్లెలను చూచి, 1939లో వానిపై ఒక గ్రంథమునే ప్రకటించెను. ఈ చరిత్ర గొప్పదే. అయినను చరిత్రను చూచి కొనువాడు ఒకసారియే కొనును. రెండవసారి కొనునది వస్తువు బాగున్నప్పుడే.

కాగితమును స్వయముగా తీయుటకు తొట్టి, మర, పుష్కలముగా నీరు, ఆరవేయుటకు చోటు కావలెను. ఇంటిలో మొదలుపెట్టువారు తయారైన కాగితమును కొని, దానితో పుస్తకములు, శుభలేఖలు, కవరులు, సంచులు చేయుట మేలు. అప్పుడు వారి నేర్పంతయు కొలతలో నుండును. 56 సెంటీమీటర్ల వెడల్పు, 76 సెంటీమీటర్ల పొడవుగల తావు నొకదానిని తీసికొందము. చదరపు మీటరుకు 120 గ్రాముల మందమైనచో అది సుమారు 51 గ్రాములు తూగును. బజారు పుస్తకముల కొలతయైన ఏ-5 ప్రకారము కోసినచో దానినుండి 10 ఆకులే వచ్చును. నాలుగవ వంతుకు పైగా వృథా. అదే తావును 28కి 19 సెంటీమీటర్ల ముక్కలుగా కోసినచో సరిగా 8 ముక్కలగును. మధ్యకు మడచినచో 16 ఆకులు. ఒక్క పీలికయు మిగులదు. పైగా, చట్రమునుండి వచ్చిన అంచు చేతి కాగితమునకు అందము. ఈ కోతలో ప్రతి ముక్కకును అట్టి అంచు ఒకటియైనను దక్కును. తక్కిన అంచులకు ఆ అందము కావలెనన్న, కత్తితో కోయక, గీతవెంట తడికుంచె నడిపి స్కేలు నానించి చించవలెను.

కొనుటకు ముందు కాగితముపై కలముతో వ్రాసి చూడవలెను. సైజింగు చాలని కాగితముపై సిరా అలముకొనును. అది సంచులకు పనికివచ్చును గాని పుస్తకమునకు రాదు. రజనము, పటిక పోసి సైజు చేసినది పులుపు స్వభావము గలదై, కాలక్రమమున పెళుసుబారును. దీర్ఘకాలము నిలువవలసిన పుస్తకములకు, పులుపు లేని సైజుతో చేసినదానినే అడిగి తెచ్చుకొనవలెను. జిగురు విషయములోను ఇట్టిదే. బైండింగువారు పురుగు పట్టకుండ మైదా జిగురులో మైలతుత్తము కలుపుదురు. పురుగు పట్టదు, నిజమే. కాని ఆ రాగి లవణము కాగితమునే తినును. ఏ రోజు జిగురు ఆ రోజు ఉడికించుకొనుట శ్రమయే, అయినను అదియే మార్గము.

ధర కట్టుటలోనే ఎక్కువమంది, అందునను గృహిణులు, దెబ్బతిందురు. 6 తావులతో 96 ఆకుల పుస్తకము కుట్టితిమనుకొందము. తావు 40 రూపాయల చొప్పున 240, అట్ట, గుడ్డ, దారము 60, మొత్తము 300. గంటన్నర పనికి కూలి 150. ఇంటి మనిషి చేతికి కూలి యేమని దీనిని విడిచిపెట్టుదురు. విడిచినచో అది వ్యాపారము కాదు, దానము. కూలితో 450 అయినది. దుకాణదారుడు అమ్మిన ధరలో మూడవ వంతు తీసికొనును. 450కి దానిలో మూడవ వంతు చేర్చి 600 అని చీటి అంటించినచో, మన చేతికి వచ్చునది 400 మాత్రమే; పుస్తకమొక్కటికి 50 రూపాయల నష్టము. 675 అని వేసినప్పుడే పెట్టుబడి, కూలి తిరిగి వచ్చును. లాభము ఇంకను లెక్కకు రాలేదు.

శుభలేఖలకు మరియొక చిక్కు గలదు. శ్రావణమాసములో ముహూర్తములు దండిగా నుండును, వానలును అప్పుడే. ఎండలో ఒక్క దినములో ఆరు కాగితము ముసురులో రోజుల తరబడి ఆరదు. తొందరపడి తడిమీద పేర్చినచో బూజు పట్టును. బయానా పుచ్చుకొని, ముహూర్తము దగ్గరపడిన పిమ్మట ఆడపెండ్లివారికి ఏమని సమాధానము చెప్పగలము? కావున శ్రావణపు శుభలేఖలకు కాగితమును వైశాఖములోనే కొని, నేలకు తగులకుండ బల్లలపై దాచవలెను. కొన్న ప్రతి వాయినుండి ఒక ముక్క కోసి, వెనుక తేదీ వ్రాసి, నమూనా పుస్తకములో అంటించుకొనవలెను. ఒక వాయి వన్నె మరియొక వాయికి రాదు. మూడు వందల కార్డులు తీసికొన్నవారు మరి యాభై కావలెనని వచ్చినప్పుడు, ముందుగా తెరువవలసినది ఆ పుస్తకమునే.