ఇంటికి ఎన్ని జీబీలు?

"రోజుకు ఒకటిన్నర జీబీదా, రెండు జీబీలదా?"

రీచార్జి దుకాణంలో అడిగే ప్రశ్న ఇది. దేవరకొండలో అయినా, అచ్చంపేటలో అయినా, నారాయణపేటలో అయినా ప్రశ్న ఒకటే. చాలామంది చెప్పే జవాబూ ఒకటే: "అందరూ వేయించుకునేదే వెయ్యి."

ఆ మనిషే కిరాణా దుకాణానికి వెళ్ళి "అందరూ కొనేంత కందిపప్పు ఇవ్వు" అంటాడా? అనడు. ఇంట్లో ఎంతమంది ఉన్నారు, వారానికి ఎన్ని పూటలు పప్పు వండుతారు అన్నది చూసుకుని కిలోయో, రెండు కిలోలో కొంటాడు. మరి డేటా దగ్గర ఆ లెక్క ఏమైంది? డేటా కంటికి కనపడదు. చేతికి బరువు తగలదు. అందుకని దాన్ని తూచలేమని అనుకుంటాం.

తూచవచ్చు. దానికి మీరు బడిలో నేర్చుకున్న గుణకారం, భాగహారం చాలు. కూలి డబ్బులతో గడిచే ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. అవసరానికి మించి కొంటే డబ్బు దండగ. తక్కువ కొంటే పరీక్ష ముందురోజు రాత్రి పాఠం మధ్యలో ఆగిపోతుంది. రెండూ జరగకుండా ఎంత కొనాలో లెక్క కట్టి చూద్దాం.

నల్గొండకు 21, పాలమూరుకు 21

కంప్యూటరుకు, ఫోనుకు తెలిసినవి రెండే అంకెలు: 0, 1. అలాంటి అంకె ఒక్కటి 'బిట్'. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక 'బైట్'. వెయ్యి బైట్లు ఒక కిలోబైట్ (కేబీ), వెయ్యి కేబీలు ఒక మెగాబైట్ (ఎంబీ), వెయ్యి ఎంబీలు ఒక గిగాబైట్ (జీబీ). కొన్నిచోట్ల వెయ్యికి బదులు 1024 అని లెక్కిస్తారు. మన మోటు లెక్కకు వెయ్యి చాలు.

ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటులో ఇముడుతుంది. ఇంటర్నెట్‌లో సాధారణంగా వాడే పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. దీర్ఘం, కొమ్ము, పొల్లు, సున్న కూడా ఒక్కొక్కటి ఒక గుర్తే. 'పాలమూరు' అని రాస్తే ప, దీర్ఘం, ల, మ, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము: మొత్తం ఏడు గుర్తులు, అంటే 21 బైట్లు. 'నల్గొండ' సంగతి చూడండి. న, ల, పొల్లు, గ, ఒత్వం, సున్న, డ. ఇవీ ఏడే! ఇదీ 21 బైట్లే. రెండు ఊళ్ళకూ తగువు లేకుండా సరిపోయింది.

ఒక పుటలో పదిహేను వందల గుర్తులు ఉంటాయనుకుందాం. పుటకు 4,500 బైట్లు, అంటే 4.5 కేబీ. ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో దీనితో పని ఉంది.

క్యూసెక్కులూ, టీఎంసీలూ

వానాకాలంలో మన పత్రికలు ఏం రాస్తాయి? జూరాలకు ఇన్ని క్యూసెక్కుల వరద వస్తోందనీ, నాగార్జునసాగర్‌లో ఇన్ని టీఎంసీల నీరు ఉందనీ రాస్తాయి. ఈ రెండు కొలతలకూ తేడా తెలిస్తే డేటా విషయం సగం తెలిసినట్టే.

క్యూసెక్కు అనేది ప్రవాహం: సెకనుకు ఒక ఘనపు అడుగు. టీఎంసీ అనేది పరిమాణం: వంద కోట్ల ఘనపు అడుగులు. సుమారు 11,574 క్యూసెక్కుల చొప్పున ఒక పూర్తి రోజు నీరు వచ్చి చేరితే ఒక టీఎంసీ అవుతుంది. కావాలంటే 11,574ను రోజులోని 86,400 సెకన్లతో గుణించి చూడండి.

డేటాకు కూడా ఇలాగే రెండు కొలతలు ఉన్నాయి. 'సెకనుకు ఇన్ని మెగాబిట్లు' అంటే వేగం. అది మన క్యూసెక్కు. 'ఇన్ని జీబీలు' అంటే పరిమాణం. అది మన టీఎంసీ. వేగాన్ని బిట్లలో చెబుతారు, పరిమాణాన్ని బైట్లలో చెబుతారు. మధ్యలో ఎనిమిదితో భాగించడం మరచిపోకూడదు.

సెకనుకు 1 మెగాబిట్ చొప్పున ఒక గంట వీడియో చూశామనుకోండి. గంటకు 3,600 సెకన్లు, కాబట్టి 3,600 మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 450 ఎంబీ. నిమిషానికి ఏడున్నర ఎంబీ అన్నమాట. ఈ ఒక్క లెక్క వస్తే మిగతావన్నీ వస్తాయి. వేగం సగమైతే గంటకు 225 ఎంబీ, రెట్టింపైతే 900 ఎంబీ.

ఇప్పుడు ఇందాకటి పుటను తీయండి. 450 ఎంబీని 4.5 కేబీతో భాగిస్తే ఎంత వచ్చింది? లక్ష! ఒక గంట వీడియోకు అయ్యే డేటాతో లక్ష పుటల తెలుగు చదవవచ్చు. రెండు వందల పుటల పుస్తకాలు ఐదు వందలు. మన ఊళ్ళలో చాలా బడుల గ్రంథాలయాల్లో అన్ని పుస్తకాలు ఉండవు.

ఇంకో సంగతి. కాలువ చివరి పొలాలకు నీళ్ళు అందకపోతే, సాగర్‌లో టీఎంసీలు ఉన్నా ఆ రైతుకు లాభం లేదు. ఒక టవరు కింద ఉన్న ఫోన్లన్నీ ఆ టవరు సామర్థ్యాన్నే పంచుకుంటాయి. రాత్రి ఎనిమిదింటికి ఊరంతా వీడియోలు పెడితే అందరికీ వేగం తగ్గుతుంది. అప్పుడు ఎక్కువ జీబీల ప్లాను వేయించుకున్నా వేగం పెరగదు. అదే పాఠాన్ని తెల్లవారుజామున దింపుకుంటే తొందరగా దిగవచ్చు.

వీడియో ఎందుకంత బరువు?

వీడియో అంటే సెకనుకు సుమారు 25 బొమ్మలు. 480 అనే రకంలో ఒక్కో బొమ్మలో నిలువునా 480 వరసలు, అడ్డంగా 854 చుక్కలు ఉంటాయి. మొత్తం నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు మూడు బైట్లు వేసుకుంటే బొమ్మకు 12 లక్షల బైట్లు, సెకనుకు 3 కోట్ల బైట్లు. అంటే సెకనుకు దాదాపు 250 మెగాబిట్లు!

మరి 1 మెగాబిట్‌లో ఎలా ఇముడుతోంది? ఫోను ప్రతి బొమ్మనూ మొదటినుంచీ పంపించుకోదు. వెనకటి బొమ్మకూ దీనికీ మధ్య మారినదేదో అంతవరకే తెప్పించుకుంటుంది. నల్లబల్ల ముందు ఉపాధ్యాయుడు నిలబడి చెప్పే పాఠంలో బల్ల కదలదు, గోడ కదలదు. చెయ్యీ, పెదవులూ కదులుతాయి. అది చవక. క్రికెట్ ఆటలోనో, వందలమంది తిరుగుతూ ఆడే బతుకమ్మ వీడియోలోనో ప్రతి మూలా కదులుతుంది. అది ఖరీదు.

వీడియో కింద కనిపించే 360, 480, 720, 1080 అనే అంకెలు ఆ వరసల లెక్కే. మోటుగా చెప్పాలంటే 360కి సెకనుకు అర మెగాబిట్, 480కి ఒకటి, 720కి రెండు లేదా ఆపైన, 1080కి నాలుగైదు అనుకోవచ్చు. అక్కడ 'ఆటో' అని ఉంటే ఫోనే ఎంచుకుంటుంది. సిగ్నలు బాగుంటే పెద్దదాన్ని ఎంచుకుంటుంది. మంచి సిగ్నలు ఉన్నచోట డేటా త్వరగా అయిపోవడానికి కారణం ఇదే.

ఒక ఇంటి లెక్క

ఒక ఇంటిని ఊహించుకుందాం. నాన్న పనికోసం ముంబయి వెళ్ళాడు. పాలమూరు నుంచి అలా వెళ్ళడం తరాలుగా ఉన్నదే. ఇంట్లో అమ్మ, నాయనమ్మ, పదో తరగతి చదివే అమ్మాయి ఉన్నారు. అమ్మ ఫోను ఒక్కటే అందరికీ ఆధారం.

రాత్రి నాన్నతో 20 నిమిషాల వీడియో కాల్. వీడియో కాల్‌కు రెండువైపులా ఖర్చే: మన బొమ్మ వెళ్తుంది, ఆయన బొమ్మ వస్తుంది. అటు అర మెగాబిట్, ఇటు అర మెగాబిట్ వేసుకుంటే మొత్తం సెకనుకు ఒకటి. 20 నిమిషాలకు 150 ఎంబీ.

అమ్మాయికి 480లో గంటసేపు పాఠం: 450 ఎంబీ.

సందేశాలు, ఫొటోలు, వార్తలు: సందేశాల్లో వచ్చే ఫొటో సాధారణంగా నూరు, రెండు వందల కేబీలు ఉంటుంది. అన్నీ కలిపి 50 ఎంబీ వేద్దాం.

ఊరికే వేలితో తోస్తూ చూసే పొట్టి వీడియోలు అరగంట: ఇవి సెకనుకు రెండు మెగాబిట్లు తింటాయనుకుంటే 450 ఎంబీ.

మొత్తం 1,100 ఎంబీ. అనుకోని అవసరాలకు పావువంతు కలిపితే 1,375. ఒకటిన్నర జీబీ చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు ఒక్కటే మార్చండి. పాఠాన్ని 480కి బదులు 720లో పెట్టండి. పాఠం ఖర్చు 900 ఎంబీ అవుతుంది. మొత్తం 1,550. ఒకటిన్నర జీబీ చాలదు! పాఠం అదే, ఉపాధ్యాయుడు అదే, నల్లబల్ల అదే. మారింది ఒక్క మీట. బల్లమీది అక్షరాలు చిన్నవిగా ఉంటే 720 పెట్టుకోవలసిందే. కనపడుతుంటే 480 చాలు. ఇంకో మాట: ఒకే పాఠాన్ని మూడుసార్లు చూడాలంటే ఒకసారి దింపుకుని చూడండి. 1,350 ఎంబీ పని 450తో అవుతుంది.

మరి ఈ ఇంట్లో నాయనమ్మ ఫోను సంగతి? ఆమెది బటన్ల ఫోను. మాట్లాడటానికి తప్ప వాడదు. ఆమెకు డేటా ఎందుకు? డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకే పనికొచ్చే ప్లాన్లు కూడా కంపెనీలు ఇవ్వాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. దుకాణంలో ఆ ప్లాను ఉందా అని అడగాలి. అడగకపోతే ఎవరూ చెప్పకపోవచ్చు.

కనపడని కన్నాలు

బిందెకు కన్నం ఉంటే నీళ్ళు కారడం కనపడుతుంది. ఫోనుకు ఉన్న కన్నాలు కనపడవు. గ్రూపుల్లో వచ్చిన ప్రతి వీడియో మనం తెరవకముందే దానంతటదే దిగిపోవడం ఒక కన్నం. ఒక వీడియో అయిపోగానే మరొకటి తనకు తానే మొదలవడం రెండో కన్నం. యాప్‌లు కొత్తరూపాన్ని దింపుకోవడం మూడోది. ఈ మూడింటినీ ఫోను సెట్టింగుల్లోనే ఆపవచ్చు.

28 రోజుల నెల

డేటా ప్లానుల్లో రెండు రకాలున్నాయి. రోజుకు ఇంత అని ఇచ్చేది ఒకటి, మొత్తం కలిపి ఇంత అని ఇచ్చేది మరొకటి. రోజువారీ ప్లానులో మిగిలినది సాధారణంగా మర్నాటికి రాదు. అర్ధరాత్రితో దాని ఆయుష్షు తీరిపోతుంది.

ఒక విద్యార్థి వారంలో ఆరు రోజులు 200 ఎంబీ చొప్పున, ఆదివారం మాత్రం 2 జీబీలు వాడతాడనుకుందాం. వారానికి 3.2 జీబీ, 28 రోజులకు 12.8 జీబీ. అతను రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాను తీసుకున్నాడు. 28 రోజులకు 42 జీబీలు కొన్నట్టు. కావలసినదానికి మూడు రెట్లు ఉన్నా, నాలుగు ఆదివారాలూ అతనికి డేటా చాలలేదు! సగటును మాత్రమే చూసినా, అన్నిటికన్నా ఎక్కువ వాడిన రోజును మాత్రమే చూసినా ఇలాగే దెబ్బతింటాం. రెండూ చూడాలి.

కోటా అయిపోతే చాలా ప్లానుల్లో వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. సెకనుకు 8 కేబీలు అన్నమాట. మన 450 ఎంబీ పాఠం ఆ వేగంతో దిగడానికి పదిహేనున్నర గంటలకు పైగా పడుతుంది. కాని ఒక పుట తెలుగు సుమారు అర సెకనులో వచ్చేస్తుంది. అందుకే 'డేటా అయిపోయింది' అన్నా చదువుకోవడానికి రాత పాఠాలు అందుతూనే ఉంటాయి.

28 రోజులను నెల అనుకోవద్దు. 28ని 13తో గుణిస్తే 364. అంటే ఏడాదికి రీచార్జి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను కనీసం ఒక్కటైనా ఇవ్వాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. రెండింటి ధరనూ రోజులతో భాగించి పోల్చండి.

ఒక టీవీ, ఊరంతా

అన్నిటికీ డేటాయే కావాలా? అక్కరలేదు. కోవిడ్ వల్ల బడులు మూతపడిన 2020లో, సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్ళ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఫోను లేని ఇళ్ళకు ఆ టీవీయే బడి అయింది.

ఇందులో ఒక సైన్సు సూత్రం ఉంది. ఒక తరగతిలోని 40 మంది ఒకే పాఠాన్ని ఎవరి ఫోనులో వారు చూస్తే, 450 ఎంబీ చొప్పున 40 సార్లు, మొత్తం 18 జీబీలు ఖర్చవుతాయి. టీవీ ప్రసారంలో అయితే ఒకే తరంగం అందరి యాంటెన్నాలకూ అందుతుంది. చూసేవాళ్ళు 40 మంది అయినా, 40 లక్షల మంది అయినా మొబైలు డేటా ఖర్చు సున్న.

ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు నేరుగా అందాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఊరికొక టీవీ, దానిముందు ఊరివాళ్ళు కూర్చునేవారు.

మీరే తూచి చూడండి

ఫోను సెట్టింగుల్లో 'డేటా వినియోగం' అని ఒక పుట ఉంటుంది. ఏ యాప్ ఎన్ని ఎంబీలు తిన్నదీ అందులో కనిపిస్తుంది. అదే మీ తక్కెడ. ఏడు రోజులపాటు రోజూ పడుకునే ముందు దాన్ని చూసి నోటుబుక్కులో రాయండి. నాలుగు గళ్ళు గీయండి: చదువు, ఇంటివాళ్ళతో మాటలు, వినోదం, తెలియకుండా పోయినది. ఏడు రోజుల మొత్తాన్ని నాలుగుతో గుణిస్తే 28 రోజుల అవసరం తెలుస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ వాడిన రోజు చుట్టూ సున్న చుట్టండి. దానికి పావువంతు కలపండి.

ఆ కాగితం పట్టుకుని ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి దుకాణానికి వెళ్ళండి. "ఒకటిన్నరదా, రెండుదా?" అని దుకాణదారు అడిగితే, ఈసారి జవాబు మీ దగ్గర రాసి ఉంటుంది.