పొగ రంగును బట్టి రోగము

కూచిపూడి నుండి పామర్రు, ఉయ్యూరు, కంకిపాడుల మీదుగా విజయవాడకు పోవు దారిలో పాత డీజిలు కారొకటి ముందు పోవుచున్నచో, దాని ఆరోగ్యము ఎట్లున్నదో వెనుక వచ్చువారికి ఎవరును చెప్పనక్కర లేదు. మృదంగమును, తాళములను, గజ్జెల పెట్టెను, నలుగురు నర్తకులను ఎక్కించుకొని ఊరూరా ప్రదర్శనలకు తిరిగిన అంబాసిడరు ఒకటి మా బంధువుల ఇంట నేటికిని ఉన్నది. కొన్ని ఏండ్ల క్రిందట అది నల్లని పొగ చిమ్మసాగినది. చూచిన మేస్త్రీ ఒకరు ఇంజను విప్పి బోరు చేయించవలసినదే అని పెద్ద మొత్తము చెప్పినారు. ఇంటివారు కారును పాతఇనుమునకు అమ్మివేయుదమా అని కూడ ఆలోచించిరి. తీరా చూడగా గాలివడపోతలో కోతలనాటి వరిదుమ్ము గడ్డకట్టి యున్నది. దానిని మార్చిన మీదట పొగ పోయినది. ఇంజను విప్పు పనియే లేకపోయినది.

అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది గనుక ఇప్పుడు తిరుగుచున్నవన్నియు వయసు మీరినవే. అట్టి బండి గల శ్రోతలు పొగను చదువుట కొంత నేర్చుకొనుట మంచిది.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించుటకు ప్లగ్గు ఉండును. 1897లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజనులో అట్టిది లేదు. సిలిండరులోనికి వట్టి గాలి వచ్చును. పిస్టను దానిని ఇరువదవ వంతునకు దగ్గరగా అణచివేయును. సైకిలు పంపు కొట్టునపుడు దాని అడుగుభాగము వేడెక్కుట మీరు ఎరుగుదురు గదా. ఇక్కడ ఆ వేడి మరి ఎన్నో రెట్లు. ఆ కాగిన గాలిలోనికి నాజిలు డీజిలును మంచువలె చిమ్మగా అది తనంతట తానే అంటుకొనును. కనుక గాలి చాలవలెను, వేడి చాలవలెను, తుంపర సన్నగా ఉండవలెను. ఇందులో ఏది తప్పినను పొగగా బయటపడును. అయితే చల్లని ఇంజను మొదలిడినపుడును, ఒక్కసారిగా యాక్సిలరేటరు త్రొక్కినపుడును కొంచెము పొగ వచ్చుట రోగము కాదు.

నల్లపొగ అనగా కాలక మిగిలిన మసి. గాలికి మించి డీజిలు పడుచున్నదన్నమాట. మన డెల్టాలో మొదట అనుమానింపవలసినది గాలివడపోతనే. నూర్పిళ్ళ కాలములో కళ్ళముల ప్రక్కన తిరిగిన బండికి మరియును. తరువాత చక్రములు బ్రేకు పట్టి ఈడ్చుచున్నవేమో చూడవలెను. లాగలేని బండికి డ్రైవరు ఎక్కువ డీజిలు పోయుచునే యుండును. ఈ రెండును సరిగా ఉన్నచో అప్పుడు నాజిళ్ళు. అరిగిన నాజిలు తుంపరకు బదులు చుక్కలు కార్చును. ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా మేస్త్రీ ఒక్కొక్క నాజిలు గొట్టము నట్టును సడలించి చూచును. దేనిని సడలించినపుడు పొగ తగ్గునో ఆ సిలిండరు నాజిలే దోషి. ఈ పని చేతి నేర్పు గలవారికే వదలుడు. నాజిలు నుండి చిమ్ము డీజిలు చర్మమును చీల్చి లోనికి దూరగలదు. ఆ గాయము చూపునకు సూదిమొన యంతే అయినను వెంటనే శస్త్రచికిత్స కోరునంతటి ప్రమాదము. విజయవాడ ఆటోనగరులో పంపులు, నాజిళ్ళు మాత్రమే చూచు పనివారు ఉన్నారు. పంపు ఎక్కువ డీజిలు ఇచ్చుచున్నదా, వేళ తప్పి ఇచ్చుచున్నదా అనునది వారి యంత్రముమీదనే తేలును.

నీలిపొగ ఇంజను ఆయిలు కాలుటవలన వచ్చును. ముందు పుల్ల తీసి ఆయిలు మట్టము చూడుడు. గీత దాటి పోయించుకొన్న బండ్లు ఎన్నియో కలవు. మట్టము సరిగా ఉండియు నీలిపొగ రాత్రి నిలిపి ఉదయము తీసినపుడు మాత్రమే ఒక్క దమ్ము వచ్చి ఆగినచో వాల్వు గైడ్లను, సీళ్ళను శంకింపవలెను. బరువు మోయునపుడు విడువక వచ్చుచు, ఆయిలు పోయు మూత తీయగా లోపలినుండి గాలి బలముగా ఎగదన్నుచున్నచో రింగులు అరిగినవి. బోరు మాట ఎత్తవలసినది అప్పుడే. అదియును కంప్రెషను కొలిపించిన మీదట.

దీనిని ఉపేక్షించిన వారికి మరొక భయము కలదు. ఆయిలు గాలిదారిలో ఎక్కువగా చేరినచో ఇంజను దానినే ఇంధనముగా త్రాగి, ఆపినను ఆగక, విరిగిపోవువరకు వేగము పెంచుకొనును. అట్టి సమయమున గాలి లోనికి పోవు నోటిని పలకతో మూయవలెను; చేతితో ఎన్నడును మూయరాదు. గేరు బండి అయినచో గట్టిగా బ్రేకు పట్టి, పై గేరు వేసి, క్లచ్చి వదలినను ఆగును.

తెల్లపొగలో రెండు తెగలు. కండ్లు మండించుచు డీజిలు వాసన కొట్టునది కాలని డీజిలు. ఉదయము మాత్రమే వచ్చినచో హీటరు ప్లగ్గులు చూపించుడు. వేడెక్కిన తరువాతను వదలనిచో కంప్రెషను గాని పంపు వేళ గాని తప్పినది. రెండవది వట్టి ఆవిరి. పుష్యమాసపు చలిలో కొద్ది నిమిషములు వచ్చి పోవు ఆవిరికి వెరవనక్కర లేదు. అది ఆగక, రేడియేటరులో నీరు కారణము లేక తగ్గుచు, ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగునకు తిరిగినచో హెడ్ గాస్కెట్టు పోయినది; అట్టి బండిని ఇక నడపరాదు. రేడియేటరు మూతను ఇంజను చల్లారిన పిమ్మటనే తీయవలెను.

రంగు పోల్చుకొనలేనివారు గొట్టమునకు జానెడు దూరములో తెల్లగుడ్డ పట్టి చూడవచ్చును. పొడి మసి, జిడ్డుచుక్క, డీజిలు తడి, నీటి తడి వేరువేరుగా తెలియును. ఆ గుడ్డ పట్టునది పిల్లలు కాకూడదు. డీజిలు పొగను మానవులలో కాన్సరు కలిగించు వానిలో ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థవారి కాన్సరు పరిశోధనా విభాగము 2012లో నిర్ణయించినది. ఇంటి వాకిట ఇంజను తిరుగుచుండగా పసివారిని ప్రక్కన ఆడనిచ్చుట మన ఊళ్ళలో సాధారణముగా చూచుచుందుము.

పాత డీజిలు బండ్లకు కాలుష్య పరీక్షలో హార్ట్రిడ్జి కొలమానముపై 65 దాటరాదు. పరీక్షకు పోవునపుడు పది, పదునైదు కిలోమీటర్లు నడిపి ఇంజనును బాగుగా కాగనిచ్చి పొండు. చల్లని ఇంజనుతో పోయినచో ఆరోగ్యముగల బండియు తప్పవచ్చును.