బుజ్జి ప్రాణి.. బరువు చూస్తున్నారా?

కుక్కపిల్లకు నలతగా ఉంటే ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. ఓ మూలన పడుకుంటుంది, పిలిచినా తోక ఆడించదు. గినీ పిగ్ తీరు వేరు. అడవిలో ఇది ప్రతి గద్దకూ నక్కకూ ఆహారమే. నీరసంగా కనిపిస్తే వేటాడేవాటి కన్ను ముందు దాని మీదే పడుతుంది. అందుకే ఒంట్లో బాగోలేకపోయినా పైకి తెలియనివ్వదు. గడ్డి ముందు కూర్చుని తింటున్నట్టే ఉంటుంది, కడుపులోకి మాత్రం ఏమీ పోదు. బొచ్చు దట్టంగా ఉండటంతో చిక్కిపోయినా కంటికి ఆనదు. చూడగానే తెలిసేంతగా డీలాపడిందంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట.

వేసవి సెలవుల్లో పిల్లల పోరు పడలేక హైదరాబాద్ నుంచి ఓ జతను తెచ్చుకునే ఇళ్లు ఇప్పుడు కరీంనగర్‌లోనూ, ఆదిలాబాద్‌లోనూ ఉన్నాయి. పంజరం, నీళ్ల సీసా, గింజల ప్యాకెట్ అన్నీ కొంటారు. కొనాల్సిన అసలు వస్తువు ఇంకొకటుంది. గ్రాముల్లో చూపే డిజిటల్ కాంటా. చాలా ఇళ్లలో అది ఇప్పటికే వంటింట్లో ఉండి ఉంటుంది. ఈ ప్రాణి ఆరోగ్యం గురించి ముందుగా, నమ్మకంగా చెప్పేది అదే.

తూకం వేసే పద్ధతి

లోతైన ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి. అడుగున మెత్తటి గుడ్డ పరిచి కాంటా మీద పెట్టండి. టేర్ బటన్ నొక్కి సున్నాకు తెచ్చి, పిల్లను అందులో దించండి. చేతికి కొత్తిమీర కాడ ఒకటి అందిస్తే ఆ కాసేపు కదలకుండా ఉంటుంది. తూకం నేల మీదే వేయాలి. డైనింగ్ టేబుల్ ఎత్తు నుంచి దూకినా చాలు, దాని కాళ్లు విరుగుతాయి.

రోజూ ఒకే వేళకు చూడటం ముఖ్యం. పొద్దున మేత వేయకముందు అయితే మేలు. కడుపు నిండినప్పటికీ, మూత్రం పోసాకకీ మధ్య తేడా పది, ఇరవై గ్రాములు ఉంటుంది. పొద్దున ఒకరోజు, రాత్రి ఒకరోజు తూచితే ఆ అంకెలకు అర్థం ఉండదు. మూడు వారాలు నిండేదాకా రోజూ, నాలుగు నెలల వరకు వారానికి రెండుసార్లు, ఆపైన వారానికోసారి చూస్తే సరిపోతుంది. గోడ క్యాలెండర్‌లో తేదీ పక్కనే రాసేయండి. ఆ పని పిల్లలకు అప్పగిస్తే బాధ్యతగా చేస్తారు, పైగా ఒక్కరోజు కూడా మరచిపోనివ్వరు.

ఎంత ఉండాలి?

గినీ పిగ్ కూన ఎలుక కూనలా గుడ్డిగా, బోడిగా పుట్టదు. తల్లి కడుపులో రెండు నెలలు దాటి ఉంటుంది కాబట్టి కళ్లు తెరిచి, ఒంటి నిండా బొచ్చుతో, పళ్లతో సహా బయటికి వస్తుంది. ఒకట్రెండు రోజుల్లోనే గడ్డి కొరకడం మొదలుపెడుతుంది. పుట్టినప్పుడు సాధారణంగా 70 నుంచి 100 గ్రాములు ఉంటుంది. ఒకే కూన పుడితే ఇంకాస్త ఎక్కువ. నాలుగైదు పుడితే 60 గ్రాములతోనే సరిపెట్టుకోవాల్సి రావచ్చు. మొదటి ఒకట్రెండు రోజులు కొద్దిగా తగ్గినా కంగారు పడొద్దు. ఆ తర్వాత రోజుకు 3 నుంచి 5 గ్రాములు పెరుగుతూ పోవాలి. మూడు వారాలకు పుట్టినప్పటి బరువుకు రెట్టింపు, అంటే 180 గ్రాముల చుట్టూ ఉంటుంది. రెండు నెలలకు 350, 400 గ్రాముల దగ్గరికి వస్తుంది. ఐదారు నెలలు దాటాక వేగం తగ్గుతుంది. ఏడాది నిండేసరికి ఆడది 700 నుంచి 900, మగది 900 నుంచి 1,200 గ్రాముల మధ్య నిలబడుతుంది.

ఈ అంకెలను పట్టుకుని పక్కింటి దాంతో పోల్చుకోవద్దు. మీ కూన నిన్న ఎంత, ఇవాళ ఎంత అన్నదే లెక్క. అంగన్‌వాడీలో పిల్లల బరువు చార్టు మీద గీత గీస్తారు కదా, అక్కడ టీచర్ చూసేది గీత పైకి పోతోందా, అడ్డంగా సాగుతోందా, కిందికి దిగుతోందా అనే. ఇక్కడా అంతే. చిన్నదే అయినా రోజూ నాలుగు గ్రాములు పెరిగే కూన గురించి దిగులు అక్కర్లేదు. పెద్దగా పుట్టి మూడు రోజులుగా ఉన్నచోటే ఉన్న కూన గురించే ఆలోచించాలి.

ఇందులో ఓ చిక్కుంది. గినీ పిగ్ తల్లికి ఉండేవి రెండే చనుమొనలు. నలుగురు కూనలు పుడితే ఇద్దరు తాగుతుంటే ఇద్దరు కాచుకోవాలి. బక్కది ఎప్పుడూ వెనకబడుతుంది. దాన్ని గుర్తుపట్టేది కాంటాయే. అలాంటప్పుడు బలంగా ఉన్న కూనలను రోజుకు మూడు నాలుగుసార్లు, ఓ పావుగంట పక్కకు తీసి, బక్కదాన్ని తల్లి దగ్గర వదలండి. పాపం అనిపించి ఉగ్గు గిన్నెతోనో, సిరంజితోనో ఆవుపాలు పోయకండి. గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ కూన బతకడం కష్టం.

గింజలతో వచ్చే ముప్పు

పెరుగుదల ఆగిపోయిందంటే మొదట అనుమానించాల్సింది మేతనే. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బెరిబెరి వ్యాధి మీద పరిశోధన చేస్తూ గినీ పిగ్‌లకు కేవలం ధాన్యం, రొట్టె పెట్టారు. వాళ్లు అనుకున్న జబ్బు రాలేదు. చిగుళ్లు పాడై, కీళ్లు వాచి, సముద్ర నావికులను పీడించిన స్కర్వీ వచ్చింది. విటమిన్-సి వెతుకులాటకు దారి చూపింది ఆ ప్రయోగమే. మనిషిలాగే గినీ పిగ్ కూడా ఈ విటమిన్‌ను ఒంట్లో తయారు చేసుకోలేదు. కుక్క, ఆవు, ఎలుక చేసుకోగలవు.

వందేళ్ల కిందటి ఆ ప్రయోగాన్ని మనవాళ్లు తెలియక ఇళ్లలో మళ్లీ చేస్తున్నారు. పక్షులకు వేసే గింజల మిశ్రమం, బ్రెడ్డు, చపాతీ ముక్క, మిగిలిన అన్నం వేసి తింటోందని సంతోషపడతారు. కొన్ని వారాలకు బరువు నిలిచిపోతుంది. తర్వాత తగ్గుతుంది. ఎత్తుకోబోతే కీచుమంటుంది. కీళ్లు నొప్పి పుట్టి అలా అరుస్తుంటే కోపం వచ్చిందనుకుంటారు.

ఎదిగే కూనకు కిలో బరువుకు రోజూ 30 మిల్లీగ్రాముల దాకా విటమిన్-సి కావాలి. 300 గ్రాముల పిల్లకు పది మిల్లీగ్రాములన్నమాట. ఇందుకు ఖరీదైన మందులేమీ అక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా, ఉసిరిలో 250 దాకా విటమిన్-సి ఉంటుంది. గింజలు తీసిన జామ ముక్క గోరంత చాలు. తీపి ఎక్కువైతే పేగులు పాడవుతాయి కాబట్టి రోజువారీకి క్యాప్సికం ముక్క, కొత్తిమీర ఇంకా మంచివి. పాలకూర, తోటకూర, గోంగూర ఎక్కువగా పెడితే మూత్రంలో రాళ్లు రావొచ్చు. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ, టమాట ఆకులు అసలే వద్దు. నీళ్లలో విటమిన్ చుక్కలు కలిపే పద్ధతి కూడా నాకు నచ్చదు. వెలుతురుకు ఆ విటమిన్ త్వరగా దెబ్బతింటుంది, రుచి మారిందని అది తాగే నీళ్లు తగ్గిస్తుంది.

దీనికి అసలు అన్నం గడ్డి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. లేకపోతే దవడ పళ్లు నాలుక మీదికి వంగి, ఆకలి ఉన్నా తినలేని స్థితి వస్తుంది. టిమోతీ గడ్డి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది గానీ ధర ఎక్కువ. మన దగ్గర గరిక ఉంది, పశువులకు పెంచే గినీ గడ్డి ఉంది (పేరు మాత్రమే కలిసింది, చుట్టరికం ఏమీ లేదు). ఆరు నెలల లోపు కూనలకు కాల్షియం ఎక్కువగా ఉండే లూసర్న్ కొంచెం కలపొచ్చు, ఆ తర్వాత మానేయాలి. వరిగడ్డి పరుపుగా పనికొస్తుంది గానీ మేతగా దాన్ని నమ్ముకుంటే కూన పెరగదు.

గడ్డి ఎక్కడిది అన్నది ఇంకో ప్రశ్న. పత్తి చేల గట్ల మీద కోసిన గడ్డి తేవొద్దు. మందు కొట్టిన చేను పక్కన మొలిచిన గరికకూ ఆ మందు అంటుతుంది. కిలో బరువు కూడా లేని ప్రాణికి అది చాలు. లేత జొన్న కూడా వద్దు. నాము తగిలి పశువులు పడిపోవడం ఊళ్లలో పెద్దలను అడిగితే చెబుతారు.

ఎండకూ ఓర్వదు, చలికీ ఓర్వదు

గినీ పిగ్ పూర్వీకులది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 28 దాటితే ఇబ్బంది పడుతుంది. మన సంగతి తెలిసిందే. మే నెలలో రామగుండం, ఆదిలాబాద్‌లలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. డిసెంబర్, జనవరిలో ఆదిలాబాద్ జిల్లా పల్లెల్లో ఐదు డిగ్రీల దగ్గరికి పడిపోయే రాత్రులూ ఉంటాయి. ఇంత తేడాను ఏడాదిలో చూసే ఊళ్లలో దీన్ని పెంచేవారు బాల్కనీ అన్న మాట మరచిపోవాలి. పంజరం ఇంటి లోపలే ఉండాలి.

వేడికి ముందు తగ్గేది తిండి, దాంతో బరువు. ఏప్రిల్‌లో కూన వారంగా పెరగడం లేదంటే జబ్బు కంటే ముందు గది ఉష్ణోగ్రత చూడండి. మన ఎండలు పొడిగా ఉంటాయి కాబట్టి కూలర్ బాగానే పనిచేస్తుంది, గాలి నేరుగా పంజరం మీదికి కొట్టకుండా చూస్తే చాలు. వానాకాలం ఉక్కపోతలో మాత్రం దానివల్ల లాభం లేదు. కరెంటు పోయే వేళలకు ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పంజరంలో ఓ పక్కన పెట్టండి. కావాలంటే ఆనుకుంటుంది, వద్దంటే జరుగుతుంది. కాళ్లు బార చాపి పడుకుని ఎగశ్వాస తీస్తుంటే, చొంగ కారుతుంటే వడదెబ్బే. చెవులు, పాదాలు చల్లటి నీళ్లతో తడిపి వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. ఐస్ నీళ్లు పోయకూడదు.

చలికాలంలో పంజరాన్ని గచ్చు మీద కాక చెక్క పీట మీద ఉంచి, దూరి పడుకునేంత గడ్డి వేస్తే సరిపోతుంది. సన్నటి రంపపు పొట్టు వద్దు. ఆ దుమ్ము ఊపిరికి మంచిది కాదు.

బరువు హఠాత్తుగా పెరుగుతోందా?

పెరగడం ఎప్పుడూ శుభవార్త కాదు. దుకాణాల్లో ఆడా మగా ఒకే పంజరంలో ఉంటాయి. ఆడ కూన నాలుగైదు వారాలకే చూలు కట్టగలదు. తెచ్చిన నెలకే ‘బాగా బొద్దుగా అయింది’ అనుకున్నది రెండు మూడు కూనలను ఈనిన ఇళ్లు ఉన్నాయి. మరీ లేత వయసులో చూలు తల్లికీ కూనలకూ భారమే. ఆలస్యమైనా ప్రమాదమే. ఆరేడు నెలలు దాటే వరకు ఒక్కసారీ ఈననిదానికి కటి ఎముకలు బిగుసుకుపోయి, కాన్పు అడ్డం తిరుగుతుంది. ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ చూలు కట్టే జాతి ఇది. కాబట్టి మగ కూనలను మూడు వారాలు నిండగానే తల్లి, అక్కచెల్లెళ్ల నుంచి వేరు చేయాలి. పెంచాలనుకుంటే రెండు ఆడవాటిని పెంచుకోవడం అన్నింటికన్నా సుఖం.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

ఎదిగే కూన రెండు మూడు రోజులు వరసగా తగ్గినా, పెద్దది వారంలో 50 గ్రాములు తగ్గినా ఆగొద్దు. ఒంటి బరువులో పదో వంతు పోయిందంటే ఆరోజే చూపించాలి. పూటంతా ఏమీ తినకపోతే తూకం కోసం కూడా చూడక్కర్లేదు. మేత లోపలికి పోకపోతే దాని పేగుల కదలిక ఆగిపోతుంది. ఒక్కరోజు ఉపవాసం కుక్కకు లెక్క కాదు, దీనికి ప్రాణాంతకం.

ఇంట్లో పిల్లలకు వాడి మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ మాత్రం పోయకండి. మన పిల్లలకు తరచూ రాసే అమాక్సిసిలిన్ గినీ పిగ్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపేసి, నాలుగైదు రోజుల్లో ప్రాణం తీయగలదు. చర్మం మీద గుండ్రంగా బొచ్చు ఊడుతుంటే తామర కావచ్చు. అది ఎత్తుకునే పిల్లలకూ అంటుతుంది. అప్పుడు జంతువుల డాక్టర్‌తో పాటు మీ చర్మ వైద్యుడికీ చూపించుకోవాలి. మామూలు రోజుల్లో కూడా ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగడం అలవాటు చేయండి.

జిల్లాల్లో పశువులు, కుక్కలను చూసే డాక్టర్లే ఎక్కువ. అందుకే జబ్బు చేశాక వెతకడం కాకుండా, తెచ్చుకున్న వారంలోనే దగ్గర్లోని పశువైద్యులకు ఫోన్ చేసి గినీ పిగ్‌లను చూస్తారా అని అడిగి పెట్టుకోండి. ఉమ్మడి కరీంనగర్ వాసులకు కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడా విచారించవచ్చు. వెళ్లేటప్పుడు తువ్వాలు పరిచిన గాలాడే పెట్టెలో, తోడు ఉన్నదాన్ని కూడా కలిపి తీసుకెళ్లండి, బెదిరిపోకుండా ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో బండి మీద వద్దు. బరువులు రాసిన క్యాలెండర్ కాగితాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. ‘ఎన్ని రోజుల నుంచి ఇలా ఉంది?’ అన్నది డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న.