మూడు కొనల మీద తిరిగే ఇంజన్

మాజ్డా ఆర్ఎక్స్-7 తయారీ 2002లో ఆగిపోయింది. ఇవాళ కావాలంటే సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవాల్సిందే. అలా దొరికేవాటిలో ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉన్న కారు అరుదు. ఒకరు సైలెన్సర్ మార్చి ఉంటారు, ఇంకొకరు టర్బో, మరొకరు కంప్యూటర్. కొన్న కొద్ది రోజులకే ఇంజన్ మొరాయిస్తే కొత్త యజమాని ప్లగ్గులు, కాయిళ్లు మార్చడం మొదలుపెడతాడు. అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ఈ కారులోని రోటరీ ఇంజన్‌కి పుట్టుకతోనే వచ్చిన బలహీనత ఒకటుంది. వెతకడం అక్కణ్ణుంచే మొదలవ్వాలి.

మామూలు ఇంజన్‌లో పిస్టన్ పైకీ కిందకీ కొట్టుకుంటుంది. జర్మన్ ఆవిష్కర్త ఫెలిక్స్ వాంకెల్ ఆ కొట్టుకోవడమే వద్దనుకున్నాడు. ఎన్ఎస్‌యూ కంపెనీలో 1957లో ఆయన ఇంజన్ తొలిసారి నడిచింది. మనకు తెలిసిన రూపాన్ని దానికిచ్చినవాడు అదే కంపెనీ ఇంజనీరు హాన్స్ డీటర్ పాష్కే. వేరుశనగకాయలా నడుం దగ్గర నొక్కుకుపోయిన గదిలో ముక్కోణపు రోటర్ తిరుగుతుంది. ఒక ముఖం గాలినీ పెట్రోలునూ పీలుస్తుంటే, ఇంకో ముఖం దగ్గర మంట, మరోదాని దగ్గర పొగ బయటికి. వాల్వులే లేవు. ఎంత అందమైన ఆలోచన! చిక్కల్లా ఆ మూడు కొనల దగ్గరే. అక్కడ బిగించిన సన్నటి పలకలను అపెక్స్ సీళ్లు అంటారు. నిప్పు మధ్యలో గోడను ఒరుసుకుంటూ, ఒక ముఖం దగ్గరి ఒత్తిడి పక్క ముఖంలోకి జారిపోకుండా ఆపాల్సింది అవే.

హిరోషిమాలోని మాజ్డా 1961లో లైసెన్సు తీసుకుంది. కెనిచి యమమోతో, ఆయన వెంట ఉన్న ఇంజనీర్లు విప్పిచూసిన ఇంజన్లలో గోడల నిండా అలల్లాంటి గీతలు. వాటికి దయ్యపు గోళ్ల గాట్లని పేరు పెట్టుకున్నారు. సీలు వణుకుతూ గోడను చెక్కేస్తోంది. అల్యూమినియం నింపిన కార్బన్‌తో సీళ్లు చేశాకే 1967లో కాస్మో స్పోర్ట్ కారు రోడ్డెక్కింది. ఎన్ఎస్‌యూ కూడా అదే ఏడాది రో 80 తెచ్చింది గానీ, త్వరగా అరిగిపోయే సీళ్ల వల్ల వారంటీ కింద ఇంజన్లు మార్చీ మార్చీ కుదేలైంది. మాజ్డా పట్టు వదల్లేదు. 1991లో లె మాన్ 24 గంటల పందెం గెలిచింది ఆ కంపెనీ నాలుగు రోటర్ల కారే.

ఆ ఏడాది చివర్లోనే వచ్చిన ఆఖరి తరం ఆర్ఎక్స్-7లో రెండు రోటర్లు, రెండు టర్బోలు. సీళ్లు బాగున్నాయో లేదో తెలియాలంటే దీని కంప్రెషన్‌ను, అంటే గదిలో ఏర్పడే ఒత్తిడిని, ఇంజన్ వేడి మీద ఉండగా చూడాలి. మామూలు గేజ్ అత్యధిక రీడింగ్‌నే పట్టి ఉంచుతుంది కాబట్టి బాగున్న ముఖం చచ్చిన ముఖాన్ని దాచేస్తుంది. మూడింటినీ విడివిడిగా చూపే రోటరీ టెస్టర్ వాడాలి. పక్కపక్కనున్న రెండు ముఖాల్లో ఒత్తిడి పడిపోతే వాటి మధ్య సీలు విరిగిందని అనుమానించాలి. వేడి ఇంజన్ మళ్లీ స్టార్ట్ కావడానికి ఏడిపించడం కూడా కంప్రెషన్ తగ్గిందనడానికి గుర్తే.

కంప్రెషన్ బాగుంటే అప్పుడు టర్బోల వైపు చూడొచ్చు. సుమారు 4,500 ఆర్‌పీఎం దగ్గర రెండో టర్బో అందుకోవాలి. అక్కడ బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) పడిపోయి మళ్లీ లేవకపోతే, ఇంజన్ వేడికి ఎండి పగిలిన సన్నటి వాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా చూడాలి.

పాత యజమానులు చేసే మార్పుల్లో నాకు ఎక్కువ భయం కలిగించేది తేలిగ్గా పొగ వదిలే సైలెన్సర్. టర్బోకు వెళ్లే పొగను పక్కకు మళ్లించే చిన్న వేస్ట్‌గేట్ ఆ ప్రవాహాన్ని అదుపు చేయలేదు, బూస్ట్ పెరిగిపోతుంది. గాలి పెరిగి దానికి తగ్గ పెట్రోలు అందకపోతే ఇంజన్ నాక్ అవుతుంది, అంటే లోపలి మిశ్రమం అదుపు తప్పి పేలుతుంది. గట్టి నాక్ ఒక్కటి చాలు సీలు విరగడానికి. ఆ ముక్కలు పొగతోపాటు వెళ్లి టర్బో రెక్కల్నీ కొట్టేస్తాయి.

అమ్మిన మనిషిని తప్పక అడగాల్సింది ఆయిల్ మీటరింగ్ పంపు గురించి. సీళ్లు ఎండిపోకుండా గదిలోకి చుక్కచుక్కగా ఆయిల్ పంపేది అదే. కొందరు దాన్ని తీసేసి, ట్యాంకు నింపిన ప్రతిసారీ పెట్రోల్లో టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుతుంటారు. ఆ సంగతి చెప్పకుండా కారు చేతులు మారితే, కొత్త యజమాని ఉత్త పెట్రోలు పోసి నడుపుతాడు, సీళ్లు పొడిగా గోడను గీకుతుంటాయి. పంపు ఉందో లేదో బానెట్ ఎత్తి చూసుకునేదాకా ఆ కారు పెట్రోల్లో ఆయిల్ కలపడమే క్షేమం.